క్వీన్ ఎలిజబెత్స్ స్కూల్, బార్నెట్: 1573 నుంచి ఇప్పటిదాకా ఈ బడి కథ ఏమిటి?

#1 రమణ_హాట్‌ఫీల్డ్

అందరికీ నమస్కారం. ఉత్తర లండన్‌లోనూ చుట్టుపక్కల హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోనూ ఉండే మన తెలుగు ఇళ్ళల్లో పిల్లాడికి ఎనిమిదేళ్ళు నిండితే చాలు, క్యూఈ బాయ్స్, అంటే బార్నెట్‌లోని క్వీన్ ఎలిజబెత్స్ స్కూల్ పేరు వినపడటం మొదలవుతుంది. పెళ్ళికి వెళ్ళినా, ఉగాది ఫంక్షన్‌కి వెళ్ళినా, భోజనాల దగ్గర ఇదే మాట. మీవాడు ప్రవేశ పరీక్ష రాస్తున్నాడా, ఎక్కడ ట్యూషన్, మాక్ టెస్టుల్లో ఎంత వస్తోంది.

ఫలితాలు, ర్యాంకులు అందరికీ తెలిసినవే. నాకు కావలసింది ఆ బడి చరిత్ర. ఎందుకంటే నా చుట్టూ రెండు వాదాలు నడుస్తున్నాయి. ఒకరు 450 ఏళ్ళ పరంపర ఉంది కాబట్టే ఆ చదువు అంటారు. ఇంకొకరు అదంతా కోచింగ్ మహిమ అంటారు. ఇద్దరూ గట్టిగానే మాట్లాడతారు కానీ వివరాలు మాత్రం చెప్పరు.

నాకు తెలిసినవి ముందు పెడతాను. ఉత్తర లండన్‌లో బార్నెట్ అనే పాత సంత ఊరు. నార్తర్న్ లైన్‌లో చివరి స్టేషన్ హై బార్నెట్. అక్కడ దిగి నడిచి వెళ్ళేంత దూరంలో, క్వీన్స్ రోడ్డులో ఉంది ఈ స్కూలు. ప్రభుత్వ బడి, ఫీజు లేదు. ఇయర్ సెవెన్ నుంచి ఇయర్ థర్టీన్ దాకా, అంటే 11 ఏళ్ళ నుంచి 18 దాకా, అబ్బాయిలకు మాత్రమే. మొత్తం దాదాపు 1,300 మంది. ఇయర్ సెవెన్‌లో 192 సీట్లు. వాటికోసం ఏటా 3,000 మందికి పైగా పరీక్ష రాస్తారు. ఎక్కడ ఉంటున్నారన్నది చూడరు, అన్నయ్య చదువుతున్నాడా అని అడగరు. కౌన్సిల్ సంరక్షణలో ఉన్న పిల్లల లాంటి ప్రత్యేక కోటాలు పక్కన పెడితే మార్కే మాట.

తెలిసినవాళ్ళు చరిత్ర వైపు నుంచి చెప్పండి. వివరంగా చెప్పినా ఫరవాలేదు, చదువుతాను.

#2 చరిత్ర_పిచ్చి

రమణ గారూ, అడగవలసిన ప్రశ్న అడిగారు. వరసగా చెబుతాను.

1573లో మొదటి ఎలిజబెత్ రాణి చార్టర్, అంటే బడి పెట్టుకోవడానికి రాజపత్రం ఇచ్చింది. రాణిని అడిగి ఇప్పించినవాడు ఆమెకు బాగా దగ్గరివాడైన రాబర్ట్ డడ్లీ, లెస్టర్ ప్రభువు. స్థానికంగా పూనుకున్నవాళ్ళలో ముఖ్యుడు చిప్పింగ్ బార్నెట్ చర్చి పాదిరీ ఎడ్వర్డ్ అండర్న్. ఈ రోజు స్కూలు హౌస్‌లలో లెస్టర్ హౌస్, అండర్న్ హౌస్ అని రెండు పేర్లు ఉన్నది వీళ్ళ మీదే.

ఆ రోజుల్లో ఇలాంటి బళ్ళు ఇంగ్లండ్ అంతా పుట్టాయి. అంతకుముందు మఠాలు, చర్చి ట్రస్టులు పిల్లలకు అంతో ఇంతో చదువు చెప్పేవి. ఎనిమిదో హెన్రీ, అతని కొడుకు ఆరో ఎడ్వర్డ్ కాలంలో వాటిని మూసేసి ఆస్తులు లాక్కున్నారు. ఆ ఖాళీని నింపడానికి రాజుల పేరుతో, వర్తకుల డబ్బుతో, ఊరి పెద్దల పూనికతో గ్రామర్ స్కూళ్ళు వచ్చాయి. చెప్పేది ముఖ్యంగా లాటిన్. చర్చిలోకి పోవాలన్నా, న్యాయవాది కావాలన్నా, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ గడప తొక్కాలన్నా అదే కావాలి. ఒక్క ఏడాది ముందే, 1572లో, ఇదే రాణి చార్టర్‌తో దగ్గర్లోనే ఇంకో బడి పుట్టింది. అదే హారో. తర్వాత నెహ్రూ చదివింది అక్కడే. రెండూ ఒకే కాలం బిడ్డలు. హారో లక్షలు తీసుకునే ప్రైవేటు బోర్డింగ్ స్కూలు అయింది. బార్నెట్ బడి ఫీజు లేని సర్కారు బడి అయింది. పుట్టుక ఒకటైనా దారులు ఎంత వేరయ్యాయో చూడండి.

మొదటి కట్టడం ఇప్పటికీ ఉంది. వుడ్ స్ట్రీట్‌లో, సెయింట్ జాన్ ద బాప్టిస్ట్ చర్చికి ఎదురుగా. ట్యూడర్ హాల్ అంటారు. ఎర్ర ఇటుక, ముందువైపు రెండు మూలలా చిన్న బురుజులు. ఇప్పుడది బార్నెట్ అండ్ సౌత్‌గేట్ కాలేజీ ఆవరణలో కలిసిపోయింది. వెళ్ళి చూడండి, మన వైపు ఓ మోస్తరు కల్యాణ మండపం అంత కూడా ఉండదు. మూడు వందల ఏళ్ళు బార్నెట్ గ్రామర్ స్కూలు అంటే అదే.

పరంపర అనేవాళ్ళకు ఒక మాట. పాత రోజుల్లో ఈ బడి ఏమంత గొప్పగా నడవలేదు. చిన్న ఊరి బడి, ఆదాయం తక్కువ. పంతొమ్మిదో శతాబ్దంలో బాగా చితికిపోయింది. అప్పట్లో దేశమంతటా పాత ట్రస్టు బళ్ళ పరిస్థితి అంతే. 1869లో ఎండోడ్ స్కూల్స్ చట్టం వచ్చి వాటి ఆస్తులను, పాలనను తిరగరాశాకే చాలా బళ్ళు బతికి బట్టకట్టాయి. ఇది కూడా 1870లలోనే మళ్ళీ నిలబడింది. సైన్సు, ఆధునిక భాషలు అప్పుడే లోపలికి వచ్చాయి. 1932లో పాత చోటు సరిపోక క్వీన్స్ రోడ్డుకు మారింది. ఇప్పుడు పిల్లలు చదువుతున్నది అక్కడే.

తర్వాతి కథ ఇంకా ఆసక్తికరం. టీచర్లు ఎవరైనా ఉంటే వాళ్ళు చెబితే బాగుంటుంది.

#3 కొత్తగా_లండన్

చిన్న సందేహం అండీ. నేను వచ్చి కొన్ని నెలలే. గ్రామర్ స్కూలు అంటే ప్రైవేటు అనుకున్నాను. ఫీజు లేకుండా పరీక్ష పెట్టి తీసుకునే సర్కారు బడులు ఇంగ్లండ్‌లో అన్ని చోట్లా ఉంటాయా? మేం ప్రస్తుతం ఈస్ట్ హామ్‌లో ఉంటున్నాం, బాబు ఇయర్ ఫోర్.

#4 లెక్కల_టీచర్

అన్ని చోట్లా ఉండవు. ఇంగ్లండ్ మొత్తం మీద ఇప్పుడు 163 ఉన్నాయి. సర్కారు సెకండరీ స్కూళ్ళు 3,000కు పైనే. కాబట్టి మీ బాబు చదవబోయేది పరీక్ష లేకుండా అందరినీ తీసుకునే మామూలు కాంప్రహెన్సివ్ స్కూలు కావడానికే అవకాశం ఎక్కువ. నేను అలాంటి బడిలోనే లెక్కలు చెబుతాను, దాంట్లో తప్పేమీ లేదు.

ఇక చరిత్ర. 1944లో బట్లర్ విద్యా చట్టం వచ్చింది. అంతకుముందు సెకండరీ చదువుకు చాలామంది ఫీజు కట్టాల్సిందే. 1907 నుంచి సర్కారు గ్రాంటు తీసుకునే బళ్ళు నాలుగో వంతు సీట్లు ఫీజు లేకుండా ఇవ్వాలన్నారు, పేదపిల్లలకు ఉన్న దారి అదే. 1944 తర్వాత సర్కారు బళ్ళలో ఫీజు పోయింది. దాని బదులు పదకొండేళ్ళకు పరీక్ష వచ్చింది. అదే లెవెన్ ప్లస్. దాదాపు పావు వంతు పిల్లలు గ్రామర్ స్కూలుకు, మిగతా ఎక్కువమంది సెకండరీ మోడర్న్ బడికి. మధ్యలో టెక్నికల్ స్కూళ్ళు అన్నారు కానీ అవి పెద్దగా రాలేదు. పదకొండేళ్ళ పిల్లాడు ఒక ఉదయం రాసిన పేపరును బట్టి, పదిహేనేళ్ళకు పనిలోకి పోతాడా, యూనివర్సిటీకి పోతాడా అన్నది చాలావరకు తేలిపోయేది. ఆ కోపం సామాన్యమైనది కాదు. ఒకే ఇంట్లో అన్న గ్రామర్, తమ్ముడు మోడర్న్. ఆ గాయాల గురించి మా స్టాఫ్ రూములో రిటైర్‌మెంట్‌కు దగ్గరపడిన సహోద్యోగులు ఇప్పటికీ మాట్లాడతారు.

1965లో లేబర్ ప్రభుత్వ విద్యామంత్రి ఆంథొనీ క్రాస్‌లండ్ 10/65 అనే సర్క్యులర్ పంపాడు. కౌన్సిళ్ళు ఈ విభజన తీసేసి అందరికీ ఒకే రకం బడి, అంటే కాంప్రహెన్సివ్, పెట్టే ప్రణాళికలు ఇవ్వాలని. ఆజ్ఞ కాదు, అభ్యర్థన. కానీ దేశం ఆ దారే పట్టింది. 1970లో మార్గరెట్ థాచర్ విద్యామంత్రి అయి ఆ సర్క్యులర్‌ను ఉపసంహరించింది. అయినా ఆమె హయాంలో కాంప్రహెన్సివ్‌లుగా మారినన్ని బళ్ళు ఇంకెవరి హయాంలోనూ మారలేదు. ఆమె అప్పటి నియోజకవర్గం ఫించ్‌లీ, ఈ బార్నెట్ బరో (లండన్‌లో ఒక పాలనా విభాగం) లోదే.

రమణ గారూ, మీ ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. 1971లో క్వీన్ ఎలిజబెత్స్ కూడా కాంప్రహెన్సివ్ అయింది. పరీక్ష తీసేశారు. రెండు దశాబ్దాలకు పైగా అది మామూలు బడి. చార్టర్ అదే, పేరు అదే, భవనం అదే. సీటు కోసం ఇప్పుడున్న పోటీ మాత్రం లేదు.

#5 సర్వేల్_పూర్వవిద్యార్థి

1971 అని చూడగానే ఆగిపోయాను. సరిగ్గా అదే ఏడాది పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉండగా నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మా గురుకులం మొదలైంది. పరీక్ష పెట్టి, పల్లెటూరి పిల్లల్లో చురుకైనవాళ్ళను ఏరి, తిండీ బట్టా పుస్తకాలూ ఇచ్చి చదివించాలని. తర్వాతి ఏడాది తాడికొండ, కొడిగెనహళ్ళి వచ్చాయి. ఇక్కడ బార్నెట్‌లో పరీక్ష తీసేసిన ఏడాదే అక్కడ మన దగ్గర పరీక్ష పెట్టారు.

నాకు పరీక్ష అంటే వ్యతిరేకత లేదు. అది లేకపోతే నేను ఈ రోజు ఇంగ్లండ్‌లో ఉండేవాణ్ణే కాదు. కానీ మా పరీక్షకు మేం ఏ ట్యూషనూ తీసుకోలేదు. మా ఊళ్ళో ట్యూషన్ చెప్పేవాళ్ళే లేరు. మా సారు ఫారం నింపి, బస్సెక్కించి తీసుకెళ్ళి రాయించారు. ఇక్కడ లెవెన్ ప్లస్‌కు ఇయర్ త్రీ నుంచే గంటకు ఇంత అని కట్టి తయారుచేస్తున్నారు. ఏరేది ఒకే పద్ధతిలో అయినా, ఏరబడేది ఎవరన్నది మారిపోతోంది. ఇక్కడి గ్రామర్ స్కూళ్ళలో ఉచిత భోజనానికి అర్హులైన పిల్లల శాతం పక్కనున్న మామూలు బళ్ళకంటే బాగా తక్కువ. అది చూస్తే బాధ కలుగుతుంది.

#6 చరిత్ర_పిచ్చి

అన్నా, మీ పోస్టు ఈ థ్రెడ్‌కు గుండెకాయ లాంటిది. లెక్కల టీచర్ గారు ఆపిన చోటు నుంచి నేను అందుకుంటాను.

కాంప్రహెన్సివ్ రోజుల్లో బడి దిగాలు పడింది. 1984లో ఈమన్ హారిస్ హెడ్‌మాస్టర్‌గా వచ్చాడు. ఇప్పుడు మనం చూస్తున్న క్యూఈని కట్టింది ఎలిజబెత్ రాణి కంటే ఈయనే అంటాను. క్రమశిక్షణ, యూనిఫాం, హోంవర్క్ మీద గట్టిగా పట్టుబట్టాడు. 1988లో ఎడ్యుకేషన్ రిఫార్మ్ చట్టం ఒక తలుపు తీసింది. తల్లిదండ్రులు ఓటేసి ఒప్పుకుంటే బడి కౌన్సిల్ చేతికింద నుంచి బయటపడి, నేరుగా కేంద్ర ప్రభుత్వం నుంచి డబ్బు తెచ్చుకోవచ్చు. గ్రాంట్ మెయింటెయిన్డ్ అనేవాళ్ళు. ఈ బడి 1989లోనే ఆ దారిలోకి వెళ్ళింది. ఆ స్వతంత్రంతోనే 1994లో ప్రవేశ పరీక్ష తిరిగి తెచ్చింది. కాంప్రహెన్సివ్‌గా మారి మళ్ళీ గ్రామర్ అయిన బళ్ళు చాలా అరుదు. 1960ల మధ్యలో దాదాపు 1,300 గ్రామర్ స్కూళ్ళుంటే ఇప్పుడు 163 అని పైన చూశారుగా. వెనక్కి వచ్చినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

1998లో మళ్ళీ లేబర్ ప్రభుత్వం చట్టం చేసి, కొత్తగా గ్రామర్ స్కూళ్ళు పెట్టకూడదంది. అంటే ఇంకో నాలుగేళ్ళు ఆలస్యమైతే ఈ తలుపు మూసుకుపోయేది. 1988కీ 1998కీ మధ్య తెరిచి ఉన్న పదేళ్ళ కిటికీలోంచి దూరి వచ్చిన బడి ఇది. 2010లో అకాడమీ, అంటే కౌన్సిల్ కింద కాకుండా నేరుగా కేంద్ర ప్రభుత్వ డబ్బుతో నడిచే బడి అయింది.

ఇంకో విషయం. డీప్‌మైండ్ అనే కృత్రిమ మేధ కంపెనీ పెట్టి, 2024లో రసాయనశాస్త్రంలో నోబెల్ అందుకున్న డెమిస్ హసాబిస్ ఇక్కడ 1988 నుంచి 1990 వరకు చదివాడు. మన ఫోరాల్లో ఆయన పేరు క్యూఈ లెవెన్ ప్లస్ గొప్పదనానికి సాక్ష్యంగా వాడుతుంటారు. సంవత్సరాలు చూడండి. ఆయన ఉన్నప్పుడు పరీక్షే లేదు. తర్వాత వెళ్ళింది ఫించ్‌లీలోని క్రైస్ట్స్ కాలేజీకి, అదీ కాంప్రహెన్సివే. పదమూడేళ్ళకే చదరంగంలో మాస్టర్ స్థాయికి చేరిన పిల్లాడు ఆయన.

#7 మాధవి_ఎన్‌ఫీల్డ్

నాకు ఇద్దరు ఆడపిల్లలు. అందుకే ఈ చర్చలో ఎవరూ చెప్పని మాట నేను చెప్పాలి.

బార్నెట్‌లోనే క్వీన్ ఎలిజబెత్స్ గర్ల్స్ స్కూల్ ఉంది. 1888లో మొదలైంది. అబ్బాయిల బడి పుట్టిన 315 ఏళ్ళకు. ఒకే రాణి పేరు. ఇది కూడా ఒకప్పుడు గ్రామర్, తర్వాత కాంప్రహెన్సివ్ అయింది. అబ్బాయిల బడి 1994లో వెనక్కి తిరిగింది, అమ్మాయిల బడి తిరగలేదు. ఇప్పటికీ అందరినీ తీసుకునే బడే. మా పెద్దమ్మాయి అక్కడే చదువుకుంది, చక్కగా చదువుకుంది. కానీ బంధువుల ఇంటికి వెళితే మీ అమ్మాయి క్యూఈనా, ఓ, గర్ల్స్ ఆ అని ముఖం మారుతుంది. ఆ పిల్లకు అర్థం కాదనుకుంటారు.

అమ్మాయిలకు ఈ వైపు ఉన్న గ్రామర్ హాంప్‌స్టెడ్ గార్డెన్ సబర్బ్‌లోని హెన్రియెటా బార్నెట్. 1911లో, ఆ శివారునే కట్టించిన హెన్రియెటా బార్నెట్ గారే పెట్టారు. పరీక్ష రెండు దశలు. సీట్లు క్యూఈ కంటే బాగా తక్కువ. ఎడ్మంటన్‌లో లాటిమర్ స్కూల్ ఉంది, 1624 నాటిది, అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి. దానికి పోస్ట్‌కోడ్ నియమాలున్నాయి, ముందే చూసుకోవాలి.

ఒకే ఊళ్ళో ఒక ఇంటి అబ్బాయికి ఒక దారి, అమ్మాయికి ఒక దారి ఎందుకైంది? 1980ల చివర్లో ఎవరు ఓటేశారు, ఎవరు పట్టుబట్టారు అన్నదాన్ని బట్టి. ఇందులో ఆచారమూ లేదు, పరంపరా లేదు.

#8 అండర్న్_హౌస్

నేను అక్కడే చదివాను, ఏడేళ్ళూ. అమ్మ ఈ థ్రెడ్ పంపింది. తెలుగులో రాయడం కొంచెం నెమ్మది, ఓపిగ్గా చదవండి.

బయటివాళ్ళు అనుకునేట్టు పొద్దస్తమానం పుస్తకాలు పట్టుకుని కూర్చునే బడి కాదు. మా ఆరు హౌస్‌లు: బ్రాటన్, హారిసన్స్, లెస్టర్, పియర్స్, స్టేపిల్టన్, అండర్న్. చదరంగం దగ్గర్నుంచి డిబేట్ దాకా అన్నిట్లో హౌస్ పోటీలు. రగ్బీ ఉంటుంది. ఈటన్ ఫైవ్స్ అని ఒక ఆట ఉంటుంది, రాకెట్ లేకుండా చేతులకు గ్లవ్స్ వేసుకుని బంతిని గోడకేసి కొట్టాలి. మూడు వైపులా గోడలు, మధ్యలో ఒక దిమ్మె పొడుచుకొచ్చి ఉంటుంది, బంతి దానికి తగిలితే ఎటు పోతుందో చెప్పలేం. మొదటి టర్మ్‌లో అందరి వేళ్ళూ వాస్తాయి. వాటర్ పోలో ఉంది. రోబోటిక్స్ టీమ్‌లు ప్రపంచ స్థాయి పోటీలకు వెళతాయి. సంగీతం చాలా పెద్దది.

జూన్‌లో మూడో శనివారం ఫౌండర్స్ డే. ముందు ఆ పాత చర్చిలో ప్రార్థన. తర్వాత స్కూలు ముందు అందరూ వరసల్లో నిలబడితే రోల్ కాల్. బడి చరిత్రను 1573 నుంచి గట్టిగా చదువుతారు. ఎండలో బ్లేజర్ వేసుకుని నిలబడి వినాలి. తర్వాత స్టేపిల్టన్ ఫీల్డ్‌లో తిరునాళ్ళలాంటి సంబరం, తల్లిదండ్రుల ఫుడ్ స్టాల్స్. ఇయర్ సెవెన్‌లో విసుగొచ్చేది. ఇయర్ థర్టీన్‌లో అదే చివరిసారి అని తెలిసినప్పుడు గొంతు పట్టేసింది.

పరంపర లేదు అన్నవాళ్ళతో నేను ఒప్పుకోను. రోజూ చేస్తే అదే పరంపర అవుతుంది. మా తాతగారిది అనంతపురం దగ్గర పల్లె. ఆ రోల్ కాల్‌లో నా పేరు పిలిచినప్పుడు అది నా బడే అనిపించింది, ఎవరో నాకు అరువిచ్చినట్టు అనిపించలేదు. తరగతిలో తమిళం, గుజరాతీ, చైనీస్, టర్కిష్ ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ఉండేవాళ్ళు. చదువు ఇష్టమని చెప్పుకోవడానికి ఎవరూ సిగ్గుపడని చోటు అది. నాకు దొరికిన పెద్ద విషయం అదే, గ్రేడ్లు కాదు.

కష్టం కూడా చెబుతాను. ప్రైమరీలో అందరికంటే ముందున్న పిల్లాడు అక్కడికొచ్చాక తరగతిలో 25వ వాడవుతాడు. నాకు ఒక ఏడాది పట్టింది దానికి అలవాటు పడటానికి. ఇంట్లో మార్కులు అడగని తల్లిదండ్రులున్న స్నేహితులు త్వరగా తేరుకున్నారు.

#9 రమణ_హాట్‌ఫీల్డ్

బాబూ, చాలా సంతోషం. తెలుగు చక్కగా రాశావు. నువ్వు రాసింది మావాడికి చదివి వినిపించాను. ఫైవ్స్ ఆట గురించి మళ్ళీ మళ్ళీ అడుగుతున్నాడు.

లెక్కల టీచర్ గారూ, ఒక మాట అడగాలి. ఏ లెవెల్‌లో, అంటే బడి చివర 18 ఏళ్ళకు రాసే పరీక్షల్లో, ఏళ్ళ తరబడి 90 శాతానికి పైగా ఏ స్టార్ నుంచి బి గ్రేడ్లు, ఏటా పదుల సంఖ్యలో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ సీట్లు. ఇందులో బడి వాటా ఎంత, పిల్లల వాటా ఎంత?

#10 లెక్కల_టీచర్

3,000 మందిలోంచి పరీక్షలో ముందున్న 192 మందిని తీసుకుంటే వాళ్ళ ఫలితాలు ఎక్కడైనా బాగుంటాయి. అది నిజం. కానీ అక్కడితో ఆపేస్తే ఆ బడి టీచర్లకు అన్యాయం చేసినట్టే. చురుకైన పిల్లల్ని ఏడేళ్ళు నీరసపడకుండా చూడటం పెద్ద పని. కొందరు పిల్లలు ఎంత వేగంగా అందుకుంటారంటే, చెప్పేవాడు ప్రతి వారం కొత్తగా చదువుకుని రావాలి. నేను చెప్పే తరగతిలో అలాంటివాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటారు, వాళ్ళకు తగినంత ఇవ్వలేకపోతున్నానే అన్న బెంగ నాకు రోజూ ఉంటుంది.

అందుకే నా దృష్టిలో సర్కారు చూడాల్సింది క్యూఈ కంటే ఎక్కువగా మిగతా 3,000 బళ్ళను. ర్యాంకుల కోసమైతే ప్రోగ్రెస్ 8 అనే లెక్క చూడండి. 2016లో వచ్చింది, చివరిగా 2024 ఫలితాలకు ఇచ్చారు. పిల్లాడు ప్రైమరీ చివర్లో ఎక్కడున్నాడు, 16 ఏళ్ళకు రాసే జీసీఎస్‌ఈ పరీక్షలకు ఎక్కడికి చేరాడు, అదే స్థాయిలో మొదలైన మిగతా పిల్లలతో పోలిస్తే ఎంత ఎదిగాడు అని చూస్తారు. ఉట్టి గ్రేడ్ల పట్టిక కంటే అది మేలు. కొన్ని మామూలు కాంప్రహెన్సివ్‌లు కూడా ఆ లెక్కలో చాలా పైన ఉంటాయి. మీ ఇంటి పక్క బడి అందులో ఎక్కడుందో చూశాకే దూరం బస్సుల గురించి ఆలోచించండి.

ఇంకొకటి. 1998 చట్టంలో, ఉన్న గ్రామర్ స్కూలును తీసేయాలా వద్దా అని స్థానిక తల్లిదండ్రులు ఓటేసే ఏర్పాటు కూడా ఉంది. ఇన్నేళ్ళలో ఒక్కచోటే ఓటు జరిగింది, యార్క్‌షైర్‌లోని రిపన్‌లో, 2000లో. ఉంచాలనే ఓటేశారు. అంటే ఈ 163 ఇప్పట్లో తగ్గేలా లేవు, చట్టం మారితే తప్ప పెరిగేలానూ లేవు.

#11 సర్వేల్_పూర్వవిద్యార్థి

టీచర్ గారి మాటతో నూటికి నూరుపాళ్ళు ఏకీభవిస్తాను. మా బ్యాచ్‌లో కలెక్టర్లు, డాక్టర్లు అయినవాళ్ళున్నారు. వాళ్ళను చూపించి గురుకులం గొప్పది అంటారు, నిజమే, నాకూ గర్వమే. కానీ మా ఊరి బడిలో నాతోపాటు కూర్చుని లెక్కలు నాకంటే బాగా చేసిన ఒకడున్నాడు. పరీక్ష రోజు వాడికి జ్వరం. వాడి సంగతి ఏ పట్టికలోనూ ఉండదు. ఇక్కడ బార్నెట్ గేటు బయట సెప్టెంబర్ ఉదయం పారదర్శకమైన పెన్సిల్ పౌచ్ పట్టుకుని, చలికి భుజాలు ముడుచుకుని నిలబడ్డ పదేళ్ళ పిల్లల్ని చూసినప్పుడల్లా వాడే గుర్తొస్తాడు.

#12 కొత్తగా_లండన్

ఇంత చదివాక కూడా మావాడితో రాయించాలనే ఉంది, దాచుకోను. కానీ టెన్షన్ పెట్టకుండా ఎలా? ఎప్పుడు ఏం చేయాలి? ఎవరైనా దయచేసి చెప్పండి. మావాడు హైదరాబాద్‌లో రెండో తరగతి దాకా చదివాడు. లెక్కలు బాగా వస్తాయి, ఇంగ్లీషు చదవడం కొంచెం వెనక.

#13 మాధవి_ఎన్‌ఫీల్డ్

తమ్ముడూ, చిన్నమ్మాయితో ఈ దారంతా నడిచాను కాబట్టి చెబుతున్నాను.

ఇయర్ ఫైవ్ వేసవిలో స్కూలు వెబ్‌సైట్‌లో పరీక్షకు రిజిస్టర్ చేసుకోవాలి. గడువు దాటితే ఎవరూ ఏమీ చేయలేరు. ఆ తేదీలు ఏటా కాస్త అటూ ఇటూ మారతాయి, వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేవి నమ్మకుండా స్కూలు సైటే చూడు. పరీక్ష ఇయర్ సిక్స్ మొదట్లో, సెప్టెంబర్‌లో. క్యూఈకి ఇంగ్లీషు, లెక్కలు రెండే, మల్టిపుల్ ఛాయిస్. వయసును బట్టి మార్కు సర్దుతారు, కాబట్టి ఆగస్టులో పుట్టిన పిల్లలకు నష్టం లేకుండా చూస్తారు. ఫలితం అక్టోబర్‌లో వస్తుంది. అక్టోబర్ 31 లోపు మీ కౌన్సిల్‌కు ఫారం ఇవ్వాలి. లండన్‌లో ఆరు బళ్ళు రాయొచ్చు. మార్చి 1న ఏ బడి వచ్చిందో తెలుస్తుంది.

మీరు ఏ వరసలో రాశారో బళ్ళకు తెలియదు. అర్హత ఉన్న వాటిలో మీ వరసలో పైనున్నది ఇస్తారు. కాబట్టి నిజంగా ఎక్కువ ఇష్టమైనదే పైన పెట్టు, భయపడి లెక్కలు వేయొద్దు. కానీ కింద ఒకటో రెండో మీకు దగ్గర్లో కచ్చితంగా దొరికే బళ్ళు రాయాలి. ఆరూ గ్రామర్లే రాసి, చివరికి ఎక్కడో ఖాళీ ఉన్న బడిలో పడ్డ కుటుంబాలు నాకు తెలుసు. ఈస్ట్ హామ్ నుంచి హై బార్నెట్ అంటే రోజూ రెండు వైపులా ఎంతసేపు పడుతుందో ఒకసారి స్కూలు వేళకు బాబుతో వెళ్ళి చూడు. నవంబర్ సాయంత్రం చీకట్లో ఇంటికి రావాలి, పదకొండేళ్ళ పిల్లాడు. మీకు దగ్గర్లో రెడ్‌బ్రిడ్జ్‌లో ఇల్‌ఫర్డ్ కౌంటీ హై స్కూల్ ఉంది, అదీ అబ్బాయిల గ్రామరే. దానికి వేరే పరీక్ష, వేరే నియమాలు. అది కూడా చూడు.

#14 లెక్కల_టీచర్

మాధవి గారు అన్నీ చెప్పారు. ఇంగ్లీషు గురించి నేను ఒకటి కలుపుతాను. ఇయర్ ఫోర్ అంటే టైం బాగా ఉంది. ఇప్పుడే వర్క్‌బుక్కులు కొనొద్దు. మీ కౌన్సిల్ లైబ్రరీలో కార్డు తీసుకోండి, ఖర్చు లేదు. ప్రతి శనివారం వాడికి నచ్చిన పుస్తకాలు వాణ్ణే ఎంచుకోనివ్వండి, క్రికెట్ గురించైనా, డైనోసార్ల గురించైనా. రాత్రి పడుకునే ముందు అరగంట మీరు ఒక పేజీ, వాడు ఒక పేజీ గట్టిగా చదవండి. తెలియని పదం వస్తే ఆపి తెలుగులో చెప్పండి. ఇంట్లో తెలుగు మానేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. లెక్కల వాక్య సమస్యల్లో పిల్లలు తప్పేది చాలాసార్లు లెక్క దగ్గర కాదు, ప్రశ్న చదవడం దగ్గర. ఏడాది ఇలా చదివాక ఇయర్ ఫైవ్‌లో ఒక నమూనా పేపరు పెట్టి చూడండి. అప్పుడు వాడికి ఇష్టం ఉందా అని వాణ్ణే అడగండి. స్కోరు పంపితే నేను చూసి చెబుతాను.